స్టేషన్‌లో కంప్లైంట్ తీసుకోనంటే ఏం చేయాలి?

బండి పోయిందనో, ఎవరో కొట్టారనో, డబ్బు తీసుకుని మోసం చేశారనో పోలీస్ స్టేషన్‌కు వెళ్లినవాళ్లలో చాలామంది ఉత్త చేతులతో తిరిగొస్తుంటారు. "ఎస్‌ఐ గారు లేరు, రేపు రండి." "అది మా లిమిట్స్ కాదు." "ఇది సివిల్ మ్యాటర్." "ముందు మీరూ మీరూ కూర్చుని మాట్లాడుకోండి." వీటిలో ఏదో ఒకటి వినిపిస్తుంది. నాలుగింటికీ చట్టంలో సమాధానం ఉంది. కానీ దాన్ని వాడుకోవాలంటే మీ చేతిలో కాగితం ఉండాలి. ఎస్పీ ఆఫీసులో అడిగేది స్టేషన్‌లో ఇచ్చిన అర్జీ కాపీ. కోర్టులో అడిగేది ఎస్పీకి పంపిన అర్జీ రసీదు. కాళ్లరిగేలా తిరిగి నోటితో చెప్పుకున్నవారికంటే, ఒక్కసారి రాసిచ్చి ముద్ర వేయించుకున్నవారి పనే ముందుకు సాగుతుంది. అందుకే కింద చెప్పే ప్రతి అడుగులోనూ కాగితం గురించి మళ్లీ మళ్లీ గుర్తుచేస్తాను.

ఒక సంగతి ముందే తెలుసుకోండి. 2024 జులై 1 నుంచి, కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, నేరాలు శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాయి. ఎఫ్‌ఐఆర్ గురించి చెప్పే పాత 154వ సెక్షన్ ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్. చీటింగ్‌కు అందరి నోటా నానిన 420 ఇప్పుడు న్యాయ సంహితలో 318. మీకు సెక్షన్లన్నీ కంఠస్థం రావాల్సిన పని లేదు. 173 ఒక్కటి గుర్తుంటే చాలు, మిగతావి అవసరమైన చోట చెబుతాను. చట్టం పేరు లేకుండా నంబరు మాత్రమే చెబితే అది నాగరిక సురక్షా సంహిత సెక్షన్ అనుకోండి.

మొదట: ఇది పోలీసులు కేసు కట్టాల్సిన నేరమేనా?

చట్టం నేరాలను రెండు రకాలుగా విడదీసింది. కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు కేసు కట్టి దర్యాప్తు చేయాల్సినవి కాగ్నిజబుల్ నేరాలు. దొంగతనం, గొలుసు తెంపుకుపోవడం, ఎముక విరిగేలా కొట్టడం, కత్తితో గాయపరచడం, నమ్మించి డబ్బు కాజేయడం, దొంగ సంతకంతో రిజిస్ట్రేషన్ చేయించుకోవడం, లైంగిక దాడి, కిడ్నాప్ వంటివి ఇందులోకి వస్తాయి. ఇలాంటి నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కుటుంబ తగాదాలు, వ్యాపార లావాదేవీలు, వైద్యంలో నిర్లక్ష్యం, అవినీతి, కారణం లేకుండా బాగా ఆలస్యంగా వచ్చిన ఫిర్యాదులు, ఇలాంటి కొన్నింటిలో మాత్రం ముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చంది.

రెండో రకం నాన్ కాగ్నిజబుల్. మామూలుగా ఒక దెబ్బ వేయడం, పరువు నష్టం లాంటివి. వీటిలో మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అయినా 174వ సెక్షన్ ప్రకారం మీరు చెప్పింది పుస్తకంలో రాసుకుని, మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమని చెప్పాలి. "పోండి" అని పంపేసే వీలు ఇక్కడా లేదు. కొత్త చట్టంలో చాలామందికి తెలియని మార్పు ఇంకొకటి ఉంది: 5 వేల రూపాయలకంటే తక్కువ విలువైన దొంగతనం ఇప్పుడు నాన్ కాగ్నిజబుల్ కిందికి వచ్చింది. కాబట్టి పోయిన వస్తువు విలువ ఎంతో ఫిర్యాదులో తప్పకుండా రాయండి. వీలైతే బిల్లు జతచేయండి.

ఇక "సివిల్ మ్యాటర్" అన్న మాట. ఇది కొన్నిసార్లు నిజం. అప్పు తీసుకున్నవాడు కష్టాల్లో పడి తిరిగివ్వకపోతే అది సివిల్ తగాదానే. ప్రామిసరీ నోటు మీద సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి. గట్టు తగాదాలు, అన్నదమ్ముల వాటాలు కూడా అంతే. వాటిని స్టేషన్‌లో సెటిల్ చేయమని ఎవరూ అడగకూడదు, ఎస్‌ఐ చేయనూ కూడదు. కానీ ఆ తగాదా మధ్యలోనే నేరం జరగొచ్చు. పొలం ఎవరిదన్నది సివిల్ కోర్టు తేలుస్తుంది. ఆ పొలం దగ్గర మీ తల పగలగొడితే అది నేరం. ప్లాటు ధర మీద గొడవ సివిల్. మొదటి అమ్మకాన్ని దాచిపెట్టి ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మితే, మొదటి నుంచీ మోసం చేయాలన్న ఉద్దేశం కనిపిస్తుంది కాబట్టి అది చీటింగ్. ఫిర్యాదులో ఆ నేరపు భాగాన్ని ముందు రాయండి. ముప్పై ఏళ్ల ఆస్తి చరిత్రతో మొదలుపెడితే, చదివే అధికారి రెండో పేరాలోనే "సివిల్" అని పక్కన పెట్టేస్తారు.

స్టేషన్‌కు వెళ్లే ముందు చేయాల్సినవి

ప్రాణాపాయం ఉంటే, గొడవ ఇంకా జరుగుతూ ఉంటే ముందు 112కు ఫోన్ చేయండి. ఆ కాల్ రికార్డు తర్వాత మీకు సాక్ష్యంగా కూడా ఉంటుంది. ఖాతాలోంచి ఆన్‌లైన్‌లో డబ్బు పోతే స్టేషన్‌కు బయల్దేరే ముందే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు చేతులు మారేలోపు అవతలి ఖాతాను ఆపించగలిగితేనే తిరిగొచ్చే ఆశ ఉంటుంది. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేసి, వచ్చిన నంబరు రాసిపెట్టుకోండి.

దెబ్బలు తగిలితే ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. ఎలా తగిలాయని డ్యూటీ డాక్టర్ అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "జారి పడ్డాను" అని ఒక్కసారి రాయిస్తే, తర్వాత కొట్టారని నిరూపించడం చాలా కష్టం. ఇంట్లో భర్త కొట్టిన దెబ్బలతో వచ్చే ఆడవాళ్లు పరువుకు భయపడి ఎక్కువగా ఇలాగే చెబుతారు. దయచేసి అలా చెప్పకండి. మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తే ఆసుపత్రి నుంచే పోలీసులకు సమాచారం వెళ్తుంది. అత్యాచారం, యాసిడ్ దాడి బాధితులకైతే ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి, పోలీసులకు తెలియజేయాలి. ఇది 397వ సెక్షన్.

సీసీ కెమెరాల సంగతి మర్చిపోవద్దు. చాలా షాపుల్లో కొద్ది రోజులకే పాత ఫుటేజీ మీద కొత్తది పడిపోతుంది. షాపు యజమానిని కలిసి, ఆ రోజు ఆ గంట ఫుటేజీ తీసి ఉంచమని మర్యాదగా అడగండి. మీ ఫోన్‌లో మెసేజ్‌లు, కాల్ రికార్డింగులు ఉంటే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. అసలువి మాత్రం చెరిపేయకండి, ఆ ఫోన్‌ను మార్చకండి.

కంప్లైంట్ రాయడం

ఉచితంగా ఇచ్చే కాగితమే కదా అని ఎలాగో ఒకలా రాసేస్తుంటారు. కానీ కేసు మొత్తం ఈ కాగితం మీదే నిలబడుతుంది. రేపు కోర్టులో అవతలి లాయరు మిమ్మల్ని నిలబెట్టి అడిగే మొదటి ప్రశ్న కూడా దీని నుంచే వస్తుంది. తెలుగులోనే రాయండి. స్టాంపు పేపరు అక్కర్లేదు, లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు.

చదువు రానివాళ్లు, రాయలేనివాళ్లు నోటితో చెప్పొచ్చు. అధికారి రాసుకుని, మీకు చదివి వినిపించి, అప్పుడు సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. చదివి వినిపించనిదే వేలిముద్ర వేయకండి. ఖాళీ తెల్లకాగితం మీద సంతకం ఎవరడిగినా పెట్టకండి.

ఏం రాయాలి? ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశారు, ఎవరు చూశారు. జరిగినది జరిగిన వరుసలో. తిట్లు తిట్టి ఉంటే ఆ మాటలు యథాతథంగా. ముఖ్యంగా కులం పేరుతో దూషించి ఉంటే, ఎవరి ముందు, ఏ చోట, ఏ మాటలతో అన్నారో ఉన్నదున్నట్టు రాయాలి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నిలబడేది వీటి మీదే. ఆ చట్టం కింద ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ స్పష్టంగా చెప్పింది.

ఏం రాయకూడదు? "ఐపీసీ ఫలానా సెక్షన్ కింద కఠినంగా శిక్షించాలి" అని రాయాల్సిన పని లేదు. సెక్షన్లు వేయడం పోలీసుల పని. మీరు తప్పు సెక్షన్ రాస్తే అదే పట్టుకుని వెనక్కి పంపే వీలు ఇచ్చినట్టవుతుంది. మీరు చూడనిది చూసినట్టు రాయకండి. అనుమానం ఉంటే "అనుమానం" అనే రాయండి. కోపంలో అవతలివాళ్ల ఇంట్లో ముసలివాళ్లను, పెళ్లై వెళ్లిపోయిన ఆడపడుచులను కలిపి పేర్లు ఇరికిస్తే కేసు బలహీనపడుతుంది. తెలిసి తప్పుడు ఫిర్యాదు ఇవ్వడం శిక్ష పడే నేరం కూడా.

ఆలస్యంగా వెళ్తుంటే ఎందుకు ఆలస్యమైందో ఒక వాక్యం రాయండి. ఆసుపత్రిలో ఉన్నామనో, బెదిరించారనో, రాజీకి పిలిస్తే ఎదురుచూశామనో. కారణం రాయని ఆలస్యం విచారణలో పెద్ద చిక్కు తెస్తుంది.

బండి పోయిన కేసును తీసుకుంటే, ఫిర్యాదు ఇలా ఉంటే సరిపోతుంది:

"స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి, ______ పోలీస్ స్టేషన్.

విషయం: నా మోటార్ సైకిల్ దొంగతనం గురించి.

అయ్యా, నా పేరు ______, తండ్రి పేరు ______, వయసు ____, వృత్తి ______, నివాసం ______, ఫోన్ ______.

12-10-2025 ఆదివారం ఉదయం సుమారు 7.30 గంటలకు ______ రైతుబజార్ తూర్పు గేటు ఎదురుగా నా ______ రంగు మోటార్ సైకిల్, నంబరు ______, ఇంజిన్ నంబరు ______, చాసిస్ నంబరు ______, హ్యాండిల్ లాక్ వేసి పెట్టాను. కూరగాయలు కొని సుమారు 8.10కి తిరిగొచ్చేసరికి బండి లేదు. చుట్టుపక్కల వెతికాను. పక్కనే ఉన్న టీ కొట్టు అతను, 8 గంటల ప్రాంతంలో నల్ల చొక్కా వేసుకున్న ఒక వ్యక్తి బండిని తోసుకుంటూ వెళ్లడం చూశానని చెప్పాడు. ఎదురుగా ఉన్న మందుల షాపుకు సీసీ కెమెరా ఉంది. బండి విలువ సుమారు 65,000 రూపాయలు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాపీలు జతచేశాను.

కేసు నమోదు చేసి, నా బండి వెతికి ఇప్పించవలసిందిగా, ఎఫ్‌ఐఆర్ కాపీ నాకు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

తేదీ, సమయం, సంతకం."

ఇంతే. ఒక పేజీ దాటలేదు. అయినా దర్యాప్తు మొదలుపెట్టడానికి కావాల్సినవన్నీ ఇందులో ఉన్నాయి: సమయం, చోటు, చూసిన మనిషి, కెమెరా, విలువ. దీన్ని రెండు కాపీలు తీయండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

స్టేషన్‌లో

వీలైతే తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. గొడవపడేవాళ్లను కాకుండా నిదానంగా మాట్లాడేవాళ్లను తీసుకెళ్లండి. రిసెప్షన్‌లో ఒక కాపీ ఇచ్చి, రెండో దాని మీద తేదీ, స్టేషన్ ముద్ర, సంతకం అడగండి. "అందినట్టు రాసివ్వండి సార్" అంటే చాలు. జనరల్ డైరీలో, అంటే స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే పుస్తకంలో, ఎక్కించారేమో అడిగి ఆ నంబరు రాసుకోండి. ఎఫ్‌ఐఆర్ కట్టినా, విచారణకే పరిమితం చేసినా, కాగ్నిజబుల్ నేరం గురించి అందిన ప్రతి సమాచారాన్నీ ఆ డైరీలో ఎక్కించాలని లలితా కుమారి తీర్పే చెప్పింది.

ఎస్‌ఐ లేరంటే? స్టేషన్ హౌస్ ఆఫీసర్ బయటికి వెళ్లినప్పుడు ఆ సమయంలో బాధ్యతలో ఉన్నవారు తీసుకోవాలి. ఇన్‌ఛార్జి ఎవరో పేరు అడగండి.

ఆడవాళ్ల మీద జరిగిన లైంగిక నేరాలు, యాసిడ్ దాడుల్లో బాధితురాలి సమాచారాన్ని మహిళా పోలీసు అధికారి నమోదు చేయాలి. బాధితురాలికి వైకల్యం ఉంటే ఆమె ఇంటి దగ్గరో, ఆమె కోరుకున్న చోటో వచ్చి రాసుకోవాలి, వీడియో తీయాలి. ఇలాంటి తీవ్రమైన నేరాల్లో సమాచారం నమోదు చేయని ప్రభుత్వోద్యోగికి కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 2 ఏళ్ల కఠిన జైలు శిక్ష ఉంది. న్యాయ సంహిత 199వ సెక్షన్. ఇది బెదిరించడానికి చెప్పడం లేదు. కానీ ఆ కుటుంబాన్ని "పరువు పోతుంది, రాజీ పడండి" అని వెనక్కి పంపుతున్నప్పుడు, పక్కనున్నవాళ్లలో ఒక్కరికైనా ఈ సెక్షన్ తెలిసి ఉండాలి.

రాజీ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పక్కింటివాళ్లతో మాటామాటా పెరిగి చిన్న తోపులాట జరిగితే రాజీ పడటంలో తప్పు లేదు. రోజూ మొహాలు చూసుకోవాల్సినవాళ్లు కదా. అలాంటిది లోక్ అదాలత్‌లో రాయించుకుంటే మంచిది. అక్కడ రాసిచ్చే తీర్పుకు (దాన్ని అవార్డు అంటారు) సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. స్టేషన్ వరండాలో పెద్దమనుషులు తెల్లకాగితం మీద రాయించే ఒప్పందానికి ఆ బలం ఉండదు. అత్యాచారం, పిల్లల మీద లైంగిక నేరాలు లాంటివాటిలో ఏ పెద్దమనిషికీ రాజీ కుదిర్చే హక్కు లేదు.

ఇంట్లో పిల్లలు తప్పిపోతే "24 గంటలు ఆగి రండి" అనే మాటకు చట్టంలో ఆధారం లేదు. తప్పిపోయిన పిల్లల విషయంలో వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయండి.

"మా లిమిట్స్ కాదు" అంటే

హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి, తెల్లారి రాజమండ్రిలో దిగేసరికి బ్యాగులో నగలు లేవనుకోండి. ఎక్కడ పోయాయో ఎవరికి తెలుసు? సూర్యాపేట దగ్గరో, విజయవాడలోనో, హోటల్ దగ్గర ఆపినప్పుడో. రాజమండ్రి స్టేషన్‌కు వెళ్తే హైదరాబాద్ పొమ్మని, అక్కడికెళ్తే ఇంకోచోటికి పొమ్మని అంటే బాధితుడు నలిగిపోతాడు. అందుకే 173వ సెక్షన్‌లోనే రాశారు: నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. అక్కడ సున్నా నంబరుతో ఎఫ్‌ఐఆర్ కట్టి, సంబంధిత స్టేషన్‌కు వాళ్లే పంపాలి. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. పాత రోజుల్లో ఇది కోర్టు తీర్పులు, ప్రభుత్వ ఉత్తర్వుల మీద నడిచేది. ఇప్పుడు చట్టంలోనే ఉంది కాబట్టి "జీరో ఎఫ్‌ఐఆర్ కట్టండి సార్, 173 ప్రకారం" అని ధైర్యంగా అడగొచ్చు.

ఆన్‌లైన్‌లో, అంటే ఈమెయిల్ వంటి ఎలక్ట్రానిక్ మార్గంలో పంపినా సమాచారం ఇచ్చినట్టే. అయితే పంపినవారు 3 రోజుల్లోగా వెళ్లి దాని మీద సంతకం పెట్టాలి. అమెరికాలోనో, దుబాయ్‌లోనో ఉండి ఊళ్లో ఇంటి తాళం పగిలిందని తెలుసుకున్నవాళ్లకు ఈ 3 రోజుల షరతు ఇబ్బందే. దానికి దారి ఉంది. ఫిర్యాదు బాధితుడే ఇవ్వాలన్న నియమం లేదు. నేరం గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఇవ్వొచ్చు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలో, తాళం పగిలి ఉండటం చూసిన పక్కింటాయనో సంతకం పెట్టి ఇస్తే సరిపోతుంది.

అయినా తీసుకోకపోతే: ఎస్పీకి

మొదట, వాళ్లు చెప్పే కారణం సరైనదేమో చూడండి. "ఎంక్వైరీ చేస్తున్నాం" అంటే కొన్ని కేసుల్లో అది చట్టబద్ధమే. 3 ఏళ్లు లేదా అంతకంటే ఎక్కువ, 7 ఏళ్లలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ ముందస్తు అనుమతితో ప్రాథమిక విచారణ చేయొచ్చు. దాన్ని 14 రోజుల్లో ముగించాలి. కాబట్టి డీఎస్పీ అనుమతి తీసుకున్నారా, ఏ తేదీన మొదలైంది అని అడిగి రాసుకోండి. 14 రోజులు దాటితే ఇక ఆగక్కర్లేదు.

తీసుకోనే తీసుకోమంటే అక్కడ వాదన పెంచకండి. గొంతు పెరిగితే విధులకు అడ్డుపడ్డారంటూ మీ మీదే ఇంకో తలనొప్పి వచ్చి పడొచ్చు. బయటికొచ్చి, ఏ తేదీన ఎన్ని గంటలకు వెళ్లారో, ఎవరు ఏమన్నారో అప్పుడే రాసుకోండి. తర్వాత అదే ఫిర్యాదుకు పైన ఒక పేరా చేర్చండి: "ఫలానా తేదీన ఫలానా స్టేషన్‌లో ఇవ్వగా తీసుకోలేదు. నాగరిక సురక్షా సంహిత 173(4) కింద తమకు పంపుతున్నాను." దీన్ని జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. హైదరాబాద్, విశాఖ, విజయవాడ వంటి కమిషనరేట్లలో కమిషనర్‌కు పంపాలి.

పోస్టులోనే ఎందుకంటే, చట్టంలోనే "రాతపూర్వకంగా, పోస్టు ద్వారా" అని ఉంది. సోమవారం ప్రజావాణిలోనో, గ్రీవెన్స్‌లోనో నేరుగా వెళ్లి ఇచ్చినా మంచిదే, చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది. కానీ పోస్టు రసీదు కూడా మీ దగ్గర ఉండాలి. డెలివరీ అయినట్టు ఆన్‌లైన్‌లో కనిపించే పేజీని ప్రింటు తీసి ఆ రసీదుకు పిన్ చేసి పెట్టండి. కొన్నాళ్లకు ఆ పేజీ దొరక్కపోవచ్చు.

ఈలోగా, ఫిర్యాదు మీద ఏం చర్య తీసుకున్నారని సమాచార హక్కు చట్టం కింద ఎస్పీ ఆఫీసుకు దరఖాస్తు పెట్టొచ్చు. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. చాలాచోట్ల ఈ దరఖాస్తు వెళ్లాకే ఫైలు కదులుతుంది.

ఎమ్మెల్యేతోనో, ఊరి నాయకుడితోనో ఫోన్ చేయిస్తే పని అయిపోతుంది కదా అంటారు. అవుతుంది కూడా. కానీ అవతలివాళ్లకు మీకంటే పెద్ద నాయకుడు తెలిసి ఉంటే ఆ రోజే మీ కేసు ఆగిపోతుంది. ఫోన్ చేయించుకున్నా సరే, పోస్టు మాత్రం ఆపకండి.

తర్వాత: మేజిస్ట్రేటు కోర్టు

ఎస్పీ నుంచీ స్పందన లేకపోతే చాలామంది నేరుగా హైకోర్టులో రిట్ వేద్దామని అమరావతికో హైదరాబాద్‌కో బయల్దేరతారు. ఖర్చు ఎక్కువ. పైగా 2007లో సకిరి వాసు కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటివాటికి ముందు మేజిస్ట్రేటు దగ్గరికే వెళ్లాలని చెప్పింది. మన ఊళ్లలో ఇప్పటికీ మున్సిఫ్ కోర్టు అని పిలిచే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఆ జడ్జి గారే సాధారణంగా ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుగానూ ఉంటారు. అంటే వెళ్లాల్సిన చోటు మీకు దగ్గరలోనే ఉంది.

అక్కడ 175(3) కింద అర్జీ వేయాలి. దానికి అఫిడవిట్ జతచేయడం తప్పనిసరి. స్టేషన్‌లో ఎప్పుడు ఇచ్చారు, ఎస్పీకి ఎప్పుడు పంపారు అన్నది ప్రమాణం చేసి చెప్పాలి. ఇంతదాకా దాచిన కాగితాలన్నీ బయటికి తీయాల్సింది ఇక్కడే: ముద్ర వేసిన కాపీ, పోస్టు రసీదు, డెలివరీ పేజీ. ఎస్పీ మెట్టు దాటేసి నేరుగా వస్తే అర్జీ తిప్పి పంపే అవకాశం ఎక్కువ. మేజిస్ట్రేటు పోలీసుల వివరణ కూడా తీసుకుని, అవసరమనుకుంటే కొంత విచారించి, కేసు కట్టి దర్యాప్తు చేయమని ఆదేశిస్తారు. లేదా మీ అర్జీనే ప్రైవేటు కంప్లైంటుగా తీసుకుని, మిమ్మల్ని, మీ సాక్షులను విచారిస్తారు. నిందితులెవరో తెలిసి, సాక్ష్యాలన్నీ మీ చేతిలోనే ఉంటే ఈ రెండో దారి నడుస్తుంది. బండి దొంగతనం లాంటివాటిలో, ఎవరో వెతకాల్సిన చోట, పోలీసు దర్యాప్తు లేకుండా పని జరగదు.

లాయరుకు డబ్బులెక్కడివి అని ఆగిపోయేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, కార్మికులకు, ప్రకృతి వైపరీత్యాల బాధితులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఆడవాళ్లంటే పేదవాళ్లే కానక్కర్లేదు, ఉద్యోగం చేసే ఆవిడకైనా ఈ హక్కు ఉంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. లాయరు ఫీజే కాదు, కోర్టు ఫీజు, కాగితాలు తయారుచేసే ఖర్చు కూడా వాళ్లే భరిస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, చిన్న కోర్టుల దగ్గర మండల న్యాయ సేవా కమిటీలు ఉంటాయి. తెల్లకాగితం మీద దరఖాస్తు చాలు. ఫోన్‌లో అడగాలంటే 15100. ఉచితంగా వచ్చే లాయరు సరిగా పట్టించుకోడన్న భయం కొందరికి ఉంటుంది. మీ కేసు సరిగ్గా చూడటం లేదనిపిస్తే అదే సంస్థ కార్యదర్శికి రాసి వేరే లాయరును అడగొచ్చు.

కేసు కట్టాక

ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. జిరాక్స్‌కనో, పేపర్ల కట్టకనో డబ్బులడిగితే ఇవ్వాల్సిన పని లేదు. కాపీ అందగానే అక్కడే చదవండి. మీరు రాసింది, వాళ్లు ఎక్కించింది ఒకటేనా? తేదీ, సమయం, పేర్లు సరిగ్గా ఉన్నాయా? తేడా ఉంటే ఆ రోజే రాతపూర్వకంగా చెప్పండి. చాలా ఎఫ్‌ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లోనూ పెడతారు. లైంగిక నేరాల వంటి సున్నితమైనవి మాత్రం పెట్టరు.

దర్యాప్తులో మీ వాంగ్మూలం తీసుకుంటారు. ఫిర్యాదు మీద మీ సంతకం కావాలి కానీ, పోలీసులు రాసుకునే ఈ వాంగ్మూలం మీద సంతకం పెట్టక్కర్లేదు. 181వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటిన పెద్దవాళ్లను, దివ్యాంగులను, తీవ్రంగా జబ్బుపడినవాళ్లను సాక్షులుగా స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు, వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి.

90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో మీకు తెలియజేయాల్సిన బాధ్యత దర్యాప్తు అధికారిదే. ఫోన్ మెసేజ్ ద్వారానైనా చెప్పొచ్చు. చెప్పకపోతే 193(3) ప్రస్తావించి ఒక లేఖ రాయండి, దానికీ ముద్ర వేయించుకోండి.

కేసు మూసేయాలనుకుంటే పోలీసులు కోర్టుకు తుది నివేదిక ఇస్తారు. స్టేషన్ భాషలో "రిఫర్ చేశాం" అంటారు. సాక్ష్యం లేదనో, పొరపాటనో, సివిల్ అనో కారణం రాస్తారు. దాన్ని కోర్టు ఆమోదించే ముందు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ నోటీసు ఇంటికొస్తే పక్కన పడేయకండి. అందులో ఉన్న తేదీకల్లా కోర్టులో ప్రొటెస్ట్ పిటిషన్ వేసి, ఏ సాక్షిని విచారించలేదో, ఏ ఫుటేజీ తీసుకోలేదో చెప్పాలి. మేజిస్ట్రేటు ఒప్పుకుంటే మళ్లీ దర్యాప్తుకు పంపొచ్చు. ఇల్లు మారితే కొత్త చిరునామా, కొత్త ఫోన్ నంబరు స్టేషన్‌కు రాసివ్వండి. లేకపోతే నోటీసు పాత ఇంటికే వెళ్లి ఆగిపోతుంది.

బండి పోయినవాళ్లకు ఈ తుది నివేదిక ఇంకో రకంగా అవసరం. పోలీసులు ఎంత వెతికినా దొరకలేదన్న నివేదిక లేకుండా ఇన్సూరెన్స్ కంపెనీ సాధారణంగా క్లెయిమ్ ఇవ్వదు. ఎఫ్‌ఐఆర్ కట్టిన రోజే కంపెనీకి కూడా ఫోన్ చేసి, ఈమెయిల్ పంపండి. ఒకవేళ కంపెనీకి చెప్పడం కాస్త ఆలస్యమైనా, ఎఫ్‌ఐఆర్ వెంటనే ఇచ్చి ఉంటే ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా తోసిపుచ్చితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అక్కడ 5 లక్షల దాకా ఫీజు లేదు. కావాల్సింది మళ్లీ అవే: మొదటి రోజు ముద్ర వేయించుకున్న కాపీ, ఎఫ్‌ఐఆర్, కంపెనీకి పంపిన ఈమెయిల్.